కట్టు కట్టే చేతికి ఫిర్యాదుల కుర్చీ

రోగికి కావలసింది వైద్యమని ఇంకా నమ్ముతున్న అమాయకులు మనలో ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వైద్యం ఎవరైనా చేస్తారు. మన బాధను ఫారంలోకి ఎక్కించి, దానికో నంబరు వేసి, ఆ నంబరు మన చేతిలో పెట్టి, 'మేము మీకు జవాబుదారులం' అంటూ గుమ్మందాకా వచ్చి సాగనంపేవాళ్లు ఎంతమందికి దొరుకుతారు? మాకు దొరికారు!

నేను అర్జీలు రాసి బతికేవాణ్ణి. పెద్దాఫీసు ఎదురుగా గొడుగు కింద ఒక బల్ల, ఒక కుర్చీ, వచ్చినవాళ్లకు ఒక స్టూలు. ముప్పై ఒక్క ఏళ్లుగా జనం ఏడుపును ఆఫీసువాళ్లకు అర్థమయ్యే భాషలోకి మార్చి పెడుతున్నాను. కాబట్టి ఫిర్యాదుల సంగతి నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియదని అనుకునేవాణ్ణి. ఆ పొగరు ఈ మధ్యనే అణిగింది.

మూడేళ్ల కిందట ఒక సహాయ సంస్థ మా పేటకు వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల దయగల దాతలున్నారట, వాళ్ల తరఫున. పాత గిడ్డంగి ఒకటి తీసుకుని, సున్నం కొట్టించి, అడ్డుగోడలు పెట్టి ఆస్పత్రి తెరిచారు. వారానికి మూడు రోజులు వచ్చే డాక్టరు ఒకాయన, నర్సులు ఇద్దరు. మేడ మీద గదిలో డైరెక్టరు గారు. మొదటి రెండేళ్లూ వాళ్లకు నాగరికత తెలియదు పాపం. జ్వరమొస్తే మందిచ్చేవాళ్లు, దెబ్బ తగిలితే కట్టు కట్టేవాళ్లు. వచ్చినవాణ్ణి నీ అభిప్రాయమేమిటని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. ఎంత మోటుతనం!

మూడో ఏడు దాతల దగ్గరి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. 'మీరు ఎవరికి జవాబుదారులు?' అని. ఇంత మంచి ప్రశ్నకు వైద్యం చేసి జవాబు చెబితే ఏం బాగుంటుంది? అందుకని డైరెక్టరు గారు జవాబుదారీ విభాగం పెట్టారు. నెల తిరిగేసరికి గోడల నిండా బ్యానర్లు, సిబ్బంది మెడల్లో కార్డులు, చేతుల్లో ట్యాబులు. మందుల అలమర ఉన్నచోట ఐదు ముఖాల బొమ్మ వేలాడదీశారు. పళ్లికిలించే ముఖం మొదలు ఏడ్చే ముఖం దాకా అందులో ఉంటాయి. వెళ్లేటప్పుడు ఏదో ఒక ముఖం మీద వేలు పెట్టి వెళ్లాలి.

పన్నునొప్పితో దవడ పట్టుకుని వచ్చిన తాపీమేస్త్రీ ఏడ్చే ముఖం మీద వేలు పెట్టాడు. "పన్ను సంగతి కాదయ్యా, మా సేవ ఎలా ఉందో చూపించు" అన్నారు. ఇంకా పన్ను చూడనే లేదుగా అన్నాడతను. అయితే మధ్య ముఖం మీద పెట్టమన్నారు. పెట్టాడు. పన్నుతోనే ఇంటికి వెళ్లాడు.

ఇక రోగి హక్కులు. మొత్తం పద్నాలుగు. డాక్టరు దగ్గరికి పంపేముందు అన్నీ చదివి వినిపించాలి, అర్థమైందని సంతకం తీసుకోవాలి. విరేచనాలతో వచ్చినవాడొకడు ఐదో హక్కు దాకా ఓర్చుకుని, ఆరో హక్కు మధ్యలో లేచి పరుగెత్తాడు. 'తన హక్కులు వినడానికి నిరాకరించాడు' అని రాసుకున్నారు. ఎవరి ఖర్మకు ఎవరు కర్తలు?

మా వీధి చివర సైకిళ్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. భార్య ఆ ఆస్పత్రిలోనే వారం రోజులు చూపించుకుని పోయింది. పోయిన పదో రోజున ఫోనొచ్చింది, ఆవిడ సంతృప్తి చెందిందా అని. "చెందే ఉంటుందమ్మా, ఇప్పుడేం మాట్లాడట్లేదు" అన్నాడాయన. 'ఫిర్యాదు లేదు' అని నమోదైంది. బతికున్నప్పుడు ఆ మహాతల్లిని తృప్తిపరచడం ఎవరివల్లా కాలేదు. సంస్థవల్ల అయింది!

అసలు గొప్పతనం ఇంకా చెప్పలేదు. ఆ ఇద్దరు నర్సుల్లో ఒకామెను జనం మెత్తచేతుల నర్సమ్మ అనేవాళ్లు. ఎంతటి పుండయినా ఆమె కట్టు విప్పుతుంటే నొప్పి తెలియదు. ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది, మనం జవాబు చెప్పేలోపు పని అయిపోతుంది. రెండో నర్సుకు టీకాలు, గర్భిణులు, రిజిస్టర్లు. పుండ్లూ కట్లూ మొత్తం ఈమె చేతిమీదే నడిచేవి.

జవాబుదారీ విభాగానికి అధికారి కావాలి కదా. జనాన్నే అడిగి తేల్చుకుందామని సర్వే పెట్టారు. 'మీ కష్టం ఎవరితో చెప్పుకుంటారు?' అంటే నూటికి తొంభైనాలుగు మంది నర్సమ్మతో అన్నారు. ప్రజల మాట జవదాటకూడదని, కట్లు కట్టే పని నుంచి ఆమెను తీసేసి ఫిర్యాదుల కుర్చీలో కూర్చోబెట్టారు. తలుపూ, చేతులు కడుక్కునే సింకూ ఉన్న గది అక్కడ ఒకటే, కట్లు కట్టే గది. గోప్యత ఉండాలి గనుక అందులో పడక తీసేసి బల్ల వేశారు. ఆపైన ఒక నియమం. ఫిర్యాదులు తీసుకునేవాళ్లు రోగిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పక్షపాతం వస్తుందట. కట్లు కట్టడానికి ఇంకొకరిని తీసుకుంటామన్నారు. ఆ ప్రకటన ఇప్పటికీ గోడమీద ఉంది, నేనే రాసిపెట్టాను. అక్షరం తప్పు లేదు.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. నాకున్నది ఒక్కతే అక్క. మిషను కుడుతుంది. మోటారు మిషను కాదు, కాలితో తొక్కేది. షుగరు జబ్బు మూలంగా అరికాళ్లలో స్పర్శ పోయింది. చెప్పులో లేచిన మేకు కుడికాలి బొటనవేలి కింద రోజంతా గుచ్చుకుంటున్నా తెలియలేదు. సాయంత్రం నేలమీద రక్తం చూసి, ఎవరిదా అని నన్ను అడిగింది.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "రోజు విడిచి రోజు శుభ్రంగా కట్టు కట్టించుకుంటే పాదం దక్కుతుంది. అశ్రద్ధ చేస్తే చీలమండ పైకి తీసేయాల్సొస్తుంది." పెద్దాస్పత్రికి పోవాలంటే బస్సులో ఒక పూట వెళ్లడం, ఒక పూట రావడం. రోజు విడిచి రోజు ఎవరు పోగలరు? నర్సమ్మ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. పదకొండు వారాలు కట్టింది. అక్క తన పుండును గుండీలతో కొలుచుకునేది. మొదట కోటు గుండీ అంత ఉండేది, పదకొండో వారానికి చొక్కా గుండీ అంతకు వచ్చింది. సరిగ్గా అప్పుడే సంస్థకు జవాబుదారీతనం పట్టుకుంది.

నేను కట్టబోయాను. పాత గుడ్డ లాగితే చచ్చిన చర్మంతోపాటు బతికున్నదీ ఊడి వచ్చింది. డాక్టరు వచ్చిన రోజున వాకిట్లో నూట ఇరవై మంది ఉంటారు. "కట్టు కట్టే మనిషిని ఇవ్వమని నేనూ మేడమీదికి రాశాను. నాకూ నంబరిచ్చారు" అన్నాడాయన. సరే, ఫిర్యాదు చేద్దామని అక్కను రిక్షాలో ఎక్కించుకుని వెళ్లాను.

అదే గది. అదే సింకు. మధ్యలో బల్ల. బల్లకు అటు నర్సమ్మ, ఇటు అక్క.

"మీకు కలిగిన ఇబ్బంది ఏమిటండీ?" అంది నర్సమ్మ, ట్యాబులోకి చూస్తూ.

"అండీ ఏంటమ్మా కొత్తగా? కాలు. నీకు తెలియదా?"

"కాలు కాదక్కా. సేవలో లోపం చెప్పాలి."

"సేవ చేసేది నువ్వేగా."

"ఇప్పుడు నేను చేయకూడదు. రాసుకోవాలి."

"అయితే రాసుకో తల్లీ. నర్సమ్మ కట్టు కట్టడం లేదని."

ఆమె తల ఎత్తకుండా రాసుకుంది. ఎవరిమీద అన్నచోట తన ఉద్యోగం నంబరే వేసింది. ట్యాబు ఒప్పుకోలేదు. ఫిర్యాదు తీసుకునే అధికారికి రోగులతో సంబంధం ఉండదు గనుక ఆమె మీద ఫిర్యాదు ఉండే అవకాశమే లేదంది. చివరికి 'ఇతరములు' కింద వేసి నంబరు చేతిలో పెట్టింది. వారం తిరక్కుండా ఫోనుకు మెసేజీ వచ్చింది, మా ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైందని. ఎలా అయిందంటే, సంబంధిత విభాగానికి తెలియజేశారట. ఆ విభాగం ఏదని ఆరా తీశాను. జవాబుదారీ విభాగమే. అంటే మళ్లీ నర్సమ్మే.

పరిష్కారం చూడండి ఎంత పక్కాగా ఉందో! ముప్పై ఒక్క ఏళ్లలో నేను రాసిన అర్జీల్లో సగం ఇంకా దుమ్ము తింటున్నాయి. ఇక్కడ నూటికి తొంభైఎనిమిది పరిష్కారమవుతున్నాయి. డైరెక్టరు గారు ఆ అంకెను బ్యానరు చేయించి వాకిట్లో కట్టారు. దాని కింద కుంటుకుంటూ అక్క మూడు వారాల్లో ఐదుసార్లు వెళ్లింది. ఐదు నంబర్లు. పుండు మళ్లీ కోటు గుండీ దాటింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. దాతలకు పంపిన నివేదికలో ఆ ఐదు ఫిర్యాదులూ ఐదు విజయాల కింద వేశారు.

ఆరోసారి వెళ్లినప్పుడు గదిలో వాసన వచ్చింది. మాకు అలవాటైపోయింది గానీ నర్సమ్మ ముక్కు గుర్తుపట్టింది. ట్యాబు బోర్లా పెట్టింది. లేచి తలుపు గడియ వేసింది. మెడలో కార్డు తీసి సొరుగులో పడేసింది.

"అన్నయ్యా, ఆ కిటికీ తెర లాగండి" అంది. తన సంచిలోంచి దూదీ, గాజుగుడ్డా, కత్తెరా తీసింది. ఆ సంచి ఎన్నాళ్లుగా తెచ్చుకుంటోందో నాకు తెలియదు. చేతులు కడుక్కుని నేలమీద కూర్చుని అక్క కాలు ఒళ్లో పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నావక్కా?"

"నంబరిచ్చావుగా తల్లీ" అంది అక్క.

నర్సమ్మ పాత కట్టు విప్పింది. మామూలుగా వాగుతూ కట్టే మనిషి ఆ తర్వాత ఒక్కమాట మాట్లాడలేదు. అక్కకు నొప్పి తెలియదు గనుక సరిపోయింది, చూస్తున్న నాకు తెలిసింది.

అప్పటినుంచి రోజు విడిచి రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ గది తలుపు గడియ పడేది. తను తినే అరగంట అక్క కాలికి ఇచ్చింది. నాలుగు వారాలు. పుండు చొక్కా గుండీకి దిగి, ఇంకా చిన్నదై, చంటిపిల్లల గౌనుకు కుట్టే గుండీ అంతకు వచ్చింది. అక్క ఎడంకాలితో మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నాకు గుండెలమీద బరువు దిగింది.

ఇంత మేలు చేసిన మనిషికి ఊరికే దండం పెట్టి వస్తే నా వృత్తికి మర్యాదా? అభినందన లేఖ రాశాను. పాఠకులారా, అర్జీ అన్నాక తేదీ, సమయం, స్థలం, సాక్షులు లేకపోతే అది చిత్తుకాగితం. నా కలానికి ఇంకోలా రాయడం రాదు. ఏయే తేదీల్లో, ఎన్ని గంటలకు తలుపు వేసి, ఏ గదిలో, ఎవరి ఎదుట, ఎన్నిసార్లు కట్టు కట్టిందో వరసన వేశాను. నియమాన్ని సైతం లెక్కచేయని ఆమె దయాగుణాన్ని తగురీతిన గుర్తించవలసిందిగా ప్రార్థించాను. ప్రతులు ఒకటి డైరెక్టరు గారికి, ఒకటి దాతల ప్రధాన కార్యాలయానికి. అంత బాగా కుదిరిన లేఖ నా జన్మలో రాయలేదు.

దానికి వెంటనే స్పందించారు. మూడోరోజు ఉదయానికల్లా పట్నం నుంచి దాతల తనిఖీవాళ్లు ఇద్దరు తెల్లకారులో దిగారు. ఐదు ఫిర్యాదులకు కదలని కారు ఒక్క పొగడ్తకు కదిలింది. నా లేఖను ముందు పెట్టుకుని తేదీలు సరిచూశారు. రిజిస్టరు తిప్పారు. గడియ చూశారు. సాయంత్రానికి నర్సమ్మను ఉద్యోగంలోంచి తీసేశారు.

నేను మేడమెట్లెక్కి పరుగెత్తాను. డైరెక్టరు గారు లేచి నిలబడి చేయి కలిపారు.

"మీ లేఖ చదివి నాకు కళ్లు చెమర్చాయండీ. తర్వాత నియమావళి చదివాను."

"ఆమె చేసింది మంచిపనే కదండీ?"

"సందేహమేముంది? విచారణలోనూ అదే తేలింది. అందుకే తీసేయాల్సొచ్చింది."

"మరి మా అక్క కాలో?"

"దానికి మీరు నిరభ్యంతరంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. కాకపోతే ఆ కుర్చీ ఖాళీ అయింది కదా, కొంచెం ఆలస్యమవుతుంది." అని, నా లేఖను అన్ని ఊళ్ల శిక్షణ తరగతుల్లో మచ్చుకు చూపించడానికి అనుమతి అడిగారు. తేదీ, సమయం, స్థలం, సాక్షులు ఇంత చక్కగా రాసే రోగి బంధువు తమకు ఇంతవరకు దొరకలేదట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరిమీద అంటే, ముందు నామీదే. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్న సామెతలో ఆ అమ్మ ఎవరో నాకు తెలుసు. అడుక్కు తింటున్న సంగతి వెళ్లి ఆవిడకు చెప్పినవాణ్ణి నేను.

నర్సమ్మ సంచి సర్దుకుని, వెళ్లేదారిలో మా ఇంటికొచ్చి చివరిసారి కట్టు కట్టింది. వాళ్ల అన్నగారి ఊళ్లో ఏదో ఆస్పత్రిలో ఖాళీ ఉందట. "మీరు మంచికే రాశారు అన్నయ్యా. టైము వేయకుండా ఉండాల్సింది" అంది. ఆమెకు ఫోను చేస్తే ఇప్పటికీ చెబుతుంది, ఉద్యోగం ఇస్తే మర్నాడే వస్తానని. అక్క కాలు ఎలా ఉందని అడుగుతుంది. కట్టు కట్టేవాళ్లు లేక పుండు మళ్లీ కోటు గుండీ దాటిందని ఆమెకు చెప్పలేదు.

మూడురోజులు అక్క నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు గుడ్డముక్క మీద సుద్దతో గీతలు గీసుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"నువ్వు పొగిడితే ఉద్యోగం పోతుందన్నమాట."

"ఎందుకక్కా ఇంకా పుండుమీద కారం చల్లుతావు?"

"కారం కాదురా. ఆ మేడమీద ఆయన్ని కూడా ఒకసారి పొగుడు."

నేను ముప్పై ఒక్క ఏళ్లు గొడుగు కింద కూర్చుని నేర్చినదానికంటే మా అక్క మిషను ముందు కూర్చుని నేర్చింది ఎక్కువ. ఇంతసేపూ మీరు చదివింది ఆ పొగడ్తకు పీఠిక మాత్రమే. అసలు అభినందన ఇది. తేదీ, ఈ నెల తొమ్మిది. సమయం, మధ్యాహ్నం ఒంటిగంటా పది. స్థలం, జవాబుదారీ గది. ఆ రోజు డైరెక్టరు గారు మేడ దిగి వచ్చి, తలుపు గడియ వేసి, మెడలో కార్డు తీసి సొరుగులో పెట్టి, చేతులు కడుక్కుని నేలమీద కూర్చుని, మా అక్క కుళ్లిపోతున్న పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, చచ్చిన చర్మం తీసి, కట్టు కట్టారు. నియమాన్ని సైతం లెక్కచేయని వారి దయాగుణాన్ని తగురీతిన గుర్తించవలసిందిగా ప్రార్థన. సాక్షులు నేను, మా అక్క. ప్రతి దాతల ప్రధాన కార్యాలయానికి పోయింది.

ఇది అబద్ధమని డైరెక్టరు గారు అనవచ్చు. అనాలనే నా కోరిక. తెల్లకారులో దిగేవాళ్ల ముందు నిలబడి, తాను మా అక్క పుండు ఒక్కసారి కూడా చూడలేదని, ఈ మూడేళ్లలో ఏ రోగినీ ముట్టుకోలేదని, నేలమీద కూర్చోవడం తన ఉద్యోగంలో లేదని ఆయన స్వదస్తూరీతో రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం దాతలు తీరిగ్గా చదువుకోవాలి. వాళ్లు అడిగిన ప్రశ్నకు ఆ సంస్థ ఇచ్చే మొదటి నిజమైన జవాబు అదే అవుతుంది.

లేదూ డైరెక్టరు గారూ, ఇదంతా ఎందుకనుకుంటే నర్సమ్మను పిలిపించి ఆ బల్ల బయట పడేయండి. అదే రోజు నేను అబద్ధమాడానని ఒప్పుకుని, ఏ శిక్ష వేసినా పడతాను. కాస్త త్వరగా పిలిపించండి. నిన్న డాక్టరు అక్క చీలమండ పైన పెన్నుతో ఒక గీత గీసి, సోమవారం దాకా చూద్దామన్నాడు.